పది రోజుల దుబాసీ

తెలుగులో సాక్ష్యం చెప్పే చోట్లు రెండు. ఒకటి కోర్టు, రెండోది చర్చి. కోర్టులో సాక్ష్యమంటే మనం చూసింది చెప్పడం. చర్చిలో సాక్ష్యమంటే మనకు జరిగింది చెప్పడం. మొదటిదానికి సమన్లు వస్తాయి, ప్రమాణం చేయిస్తారు, ఎదురు ప్రశ్నలు వేస్తారు. రెండోదానికి మైకు చేతికిస్తారు, అయిపోయాక చప్పట్లు కొడతారు. ఈ రెండూ దేనికది వేరనే అనుకుంటూ పెరిగాను. చర్చిలో చెప్పిన సాక్ష్యం తహసీల్దారు ఆఫీసు దాకా నడిచి వెళ్లగలదని నాకు తెలిసింది సిద్దిపేట శివార్లలో జరిగిన ఒక యూత్ క్యాంపులో.

అది 2010 మే నెల. ఇంజనీరింగ్ రెండో ఏడు పరీక్షలు రాసి ఇంటికొచ్చాను. సిద్దిపేట అప్పటికింకా మెదక్ జిల్లాలోనే ఉంది. సొంత జిల్లా కావడానికి మరో ఆరేళ్లు పట్టింది. అమెరికా నుంచి ఒక చర్చి బృందం మిషన్ ట్రిప్ మీద వస్తోంది. పదకొండు మంది కాలేజీ పిల్లలు, వాళ్లను నడిపించే నలభై దాటిన పెద్దమనిషి ఒకాయన. పాస్టరయ్యగారు మా నాన్నను పట్టుకున్నారు. "మీ బాబుకు ఇంగ్లీషు మంచిగొస్తదట గద, పది రోజులు మాకియ్యుండ్రి." జీతం లేదు, భోజనం ఉంది. అట్లా దుబాసీనయ్యాను. కంపెనీ దొరల కాలంలో ఇట్లాగే మధ్యలో నిలబడినవాళ్లు మేడలూ తోటలూ సంపాదించారంటారు. నాకొక టీషర్టు మిగిలింది.

మన దేశంలో మతప్రచారానికి వచ్చే విదేశీయులకు మిషనరీ వీసా అని వేరే ఉంటుంది. పర్యాటక వీసా మీద వచ్చి ప్రసంగాలు చేయడం కుదరదు. కాబట్టి క్యాంపులో వాక్యం చెప్పే పని మన పాస్టర్లది. వచ్చినవాళ్లు పొద్దున ఆటలాడించాలి, మధ్యాహ్నం ఇంగ్లీషు నేర్పాలి, సాయంత్రం ఎవరి జీవితం గురించి వాళ్లు చెప్పుకోవాలి. ప్రసంగానికీ సొంత కథకీ మధ్య గీత ఎక్కడుందో గానీ, మైకు పట్టుకుని పది రోజులూ ఆ గీత మీద నిలబడింది నేనే.

నూట ఇరవై మంది దాకా పిల్లలొచ్చారు. దుబ్బాక, తొగుట, మిరుదొడ్డి, నంగునూరు, చిన్నకోడూరు వైపు ఊళ్ల నుంచి. ఎక్కువమంది ఇళ్లలో తల్లులు బీడీలు చుడతారు. తండ్రులు కొందరు మగ్గం వదిలి భివండీ పోయినవాళ్లు, కొందరు దుబాయి పోయినవాళ్లు. ఆరో తరగతి పిల్లల నుంచి ఇంటర్ పిల్లల దాకా ఉన్నారు. స్కూల్ క్యాంపస్‌లో వేపచెట్ల కింద టెంట్ వేశారు. నలభై దాటిన ఎండ.

*

మొదటి సాయంత్రం పంతొమ్మిదేళ్ల అమ్మాయి మైకు తీసుకుంది. మొదటి వాక్యమే "ఐ వాజ్ బ్రోకెన్". బైబిల్ తెలుగులో విరిగిన మనసు గురించిన మాట ఉంది కాబట్టి ధైర్యంగా "నేను విరిగిపోయాను" అన్నాను. ముందు వరసలో ఉన్న పిల్లగాడు చాలా జాలిగా అడిగాడు. "చెయ్యా అన్నా, కాలా?"

అమ్మానాన్నలు విడిపోయారట. పెద్ద ఇంట్లో, తన గదిలో, తలుపేసుకుని రెండేళ్లు ఒంటరిగా గడిపిందట. ఆమె గొంతు వణుకుతోంది. నేను చెప్తున్నకొద్దీ పిల్లల్లో ఒక గుసగుస పాకింది. "ఒక్కదానికే ఒక రూమా?" ఆమె ఏడుస్తోంది, పిల్లలు ఆ గది ఎంత ఉంటుందో లెక్కేసుకుంటున్నారు. నేను చెప్పిన మాటల్లో తప్పేమీ లేదు. వచ్చిన చిక్కు గదితో. ఆమె ఊళ్లో మూసిన గది తలుపంటే దుఃఖం. ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇళ్లలో అదొక కల.

తర్వాతి వాక్యానికి గదిని వదిలేశాను. "ఇంట్ల ఎవ్వరు నాతోటి మాట్లాడకపోయేది. నేను చచ్చిన్నో బతికిన్నో అడిగేటోళ్లు లేకుండె" అన్నాను. వెనక వరసలో ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి తల దించుకుంది. వాళ్లమ్మానాన్నలు భివండీలో ఉన్నారు, తను అమ్మమ్మ దగ్గర ఉంటోంది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఒకరికి తెలుగు రాదు, ఒకరికి ఇంగ్లీషు రాదు. నన్ను పిలవలేదు. సాక్ష్యమనే ప్రక్రియ మీద నాకు గౌరవమంటూ ఉంటే అది ఆ రాత్రి నుంచి వచ్చిందే.

మూడో రోజు పూసల దండలు. పిల్లల క్యాంపులు తెలిసినవాళ్లకు ఈ దండ తెలిసే ఉంటుంది. నల్ల పూస పాపానికి, ఎర్ర పూస రక్తానికి, తెల్ల పూస కడిగిన హృదయానికి, పచ్చ పూస ఎదుగుదలకి, బంగారు రంగు పూస పరలోకానికి. దీని మూలం అక్షరాల్లేని పుస్తకమని ఒకటి. 1866లో లండన్‌లో స్పర్జన్ అనే ప్రసంగికుడు నలుపు, ఎరుపు, తెలుపు పేజీలు మాత్రమే ఉన్న అలాంటి పుస్తకం మీద ప్రసంగించాడు. మిగతా రంగులు తర్వాత చేరాయి. చదువురాని పిల్లలకు కూడా అర్థమవ్వాలని అందులో మాటలు పెట్టలేదు. రంగులకు భాష అక్కర్లేదని వాళ్ల నమ్మకం.

"ఇది మన పాపం, నలుపు" అని నేను తెలుగులో అనగానే మూడో వరసలో ఒక పిల్ల తన ముంజేయి వైపు చూసుకుంది. దండ గుచ్చుతున్నప్పుడు దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "అన్నా, నల్లగుంటే పాపమా?" "కరిదాన" అని పిలిపించుకుంటూ పెరిగిన పిల్లకి ఈ ప్రశ్న రాకుండా ఎట్లా ఉంటుంది? తర్వాతి గుంపు దగ్గరికి వెళ్లేసరికి దాన్ని "చీకటి పూస" చేశాను. పక్కనే నిలబడ్డ వలంటీరుకు తేడా తెలియలేదు. దుబాసీకి ఉండే అధికారమంతా అంతే, ఒక మాట మేర. కొన్నిసార్లు ఆ ఒక్క మాటే సరిపోతుంది.

నవ్వుకున్న రోజులూ ఉన్నాయి. మే నెలలో క్యాంప్‌ఫైర్ వేశారు. మంట చుట్టూ కూర్చోబెట్టి మార్ష్‌మాలోలు కాల్చి ఇచ్చారు. దుబ్బాక పిల్లగాడు నోట్లో పెట్టుకుని "గిది సబ్బు లెక్కున్నది" అని తీర్పిచ్చాడు. వాళ్లు "ఏమన్నాడు?" అని అడిగితే "మెత్తగా ఉందంటున్నాడు" అన్నాను. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న కాలం. కబడ్డీలో గెలిచిన జట్టు "జై తెలంగాణ" అని అరిస్తే అది క్యాంప్ నినాదమనుకుని పదకొండు మందీ పిడికిళ్లు బిగించి అరిచారు. ఆ సాయంత్రం వాళ్లలో ఒకడు నడుచుకుంటూ పోతూ ఎదురొచ్చిన ప్రతి మనిషికీ "జై తెలంగాణ" అని నమస్కారం పెట్టాడు. సిద్దిపేటలో ఆ ఏడాది అంతకన్నా మంచి పలకరింపు లేదు.

*

ఒక రోజు వాళ్ల పెద్దమనిషి మా ఇంటికి టీకొచ్చాడు. మా నానమ్మ ఆయన్ను గడపలోంచే చూసి "దొరొచ్చిండు" అంది. ఆయన చెప్పులు విప్పి, కుర్చీ వద్దని చాప మీద కూర్చుని, మా స్టీలు గ్లాసులో నీళ్లు తాగి, రెండో గ్లాసు అడిగాడు. ఆయన వెళ్లాక నానమ్మ ఎంతోసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్క మాటంది. "మన ఊరి పటేలు మన ఇంట్ల ఏనాడు నీళ్లు తాగలే. గా దేశం నుంచి వచ్చినోడు తాగిండు."

మిషన్ ట్రిప్పుల మీద చాలా వెటకారం చదివాను, కొంత నేనే రాశాను. పది రోజులొచ్చి ఫోటోలు దిగి పోయే పర్యాటకమని. ఆ విమర్శ నిజమే. కానీ అందులో మా నానమ్మ మాటకు చోటు లేదు. నీళ్ల గ్లాసు దగ్గర మొదలైన చరిత్ర మాది.

మా నానమ్మ వాళ్లది మెదక్ పక్క ఊరు. కరువు రోజుల్లో చర్చి కట్టడానికి రాళ్లు మోసినవాళ్లలో వాళ్లమ్మ ఉందని ఇంట్లో చెప్పుకుంటారు. మెదక్ చర్చి కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ వెస్లియన్ మిషన్ మనిషి. 1895లో సికింద్రాబాద్ వచ్చి, తిరుమలగిరి కంటోన్మెంటులో సైనికుల మధ్య పనితో తృప్తిపడక పల్లెల వైపు నడిచి మెదక్ చేరాడు. పనికి తిండి అనే లెక్కన, ఆకలితో ఉన్న జనానికి పని చూపిస్తూ కట్టిన చర్చి అది. 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు, 175 అడుగుల గోపురం. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. నేను రెండో ఎక్కం నేర్చుకోకముందే ఆ అంకెలు నేర్చుకున్నాను. కానీ వాటన్నిటికన్నా పెద్ద అంకె ఇంకోటుంది. పాస్నెట్ ఇక్కడ నాలుగు దశాబ్దాలకు పైగా ఉన్నాడు. తెలుగు నేర్చుకున్నాడు. నిజాం రాజ్యంలో మాలవాడకీ మాదిగవాడకీ బడి తెచ్చిన మిషన్ అది. అందులో దొరతనం లేదని కాదు. బంగళా బంగళానే, గుడిసె గుడిసెనే. అయినా నలభై ఏళ్లు ఒకే చోట ఉన్న మనిషికి పేర్లు తెలుస్తాయి. ఎవరి భూమి ఎవరి దగ్గర తాకట్టులో ఉందో తెలుస్తుంది. ఏ ప్రశ్న ఎవరిని అందరిముందు అడగకూడదో తెలుస్తుంది.

ఆ దొరతనాన్ని గురించి వాళ్ల మధ్యే నిలబడి మాట్లాడిన మనిషి కూడా మన నేల మీద పనిచేసినవాడే. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి తమిళుడు. అక్కడి క్రైస్తవులు 1903లో తమ డబ్బుతో, తమ మనుషులతో సొంత మిషన్ సంఘం పెట్టుకుని నిజాం రాజ్యంలోని దోర్నకల్‌ను పనిచోటుగా ఎంచుకున్నారు. అజరయ్య ఆ పని మీద వచ్చాడు, తెలుగు నేర్చుకున్నాడు, 1912లో దోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో నిలబడి, మీరు మాకోసం ఎన్నో త్యాగాలు చేశారు, ఇప్పుడు మాకు కావలసింది స్నేహితులు అనే అర్థమొచ్చేట్టు అడిగాడు. సభలో కొందరికి ఆ మాట రుచించలేదు. సరిగ్గా నూరేళ్ల తర్వాత మా క్యాంపు. ఈ పదకొండు మందీ స్నేహితులుగా ఉండాలనే వచ్చారు, దానిలో నాకు అనుమానం లేదు. కాకపోతే స్నేహానికి వాళ్ల దగ్గర పది రోజులే ఉన్నాయి, ఆ పది రోజుల భాష నా నోట్లో ఉంది.

*

ఆరో రోజు కెమెరా బయటికొచ్చింది. వెళ్లి వాళ్ల చర్చిలో చూపించడానికి వీడియో కావాలి. ఒక ఇంటర్ పిల్లగాడు క్యాంపులో అందరికీ ఇష్టుడయ్యాడు. ఢోలక్ కొడితే టెంటు ఊగేది. వాడి సాక్ష్యం కావాలన్నారు. పేరు, ఊరు, క్రీస్తును ఎట్లా తెలుసుకున్నాడు, మూడు నిమిషాలు. వాడు నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, పాట పాడుత, ఢోలక్ కొడుత. గని పేరు, ఊరు చెప్పకుంట నడుస్తదా?"

"ఎందుకురా?"

"కౌన్సిలింగ్ ఉన్నదన్నా."

ఇంకేం చెప్పక్కర్లేదు. మా ఇద్దరి మధ్యా ఆ ఒక్క మాట చాలు. కానీ పెద్దమనిషి అడిగాడు, చాలా మృదువుగానే. తన విశ్వాసం గురించి చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాడా అని. ఆ ప్రశ్నను నేను తెలుగులోకి తేలేదు. తెచ్చి ఉంటే ఆ పిల్లవాడు పదేళ్లపాటు మోసేవాడు. నేనే జవాబు చెప్తానన్నాను. వేపచెట్టు కింద నులకమంచం మీద ఒక గంట కూర్చున్నాం.

1950లో రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా అని ఒకటుందని చెప్పాను. హిందూ మతం కాక వేరే మతం పాటించేవాళ్లు షెడ్యూల్డ్ కులం కిందికి రారని ఆ పేరా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులూ ముస్లింలూ బయటే ఉన్నారు. అంటే మాదిగవాడలో పక్కపక్క ఇళ్లు, ఒకే బావి, ఒకే శ్మశానం, ఊళ్లో ఒకే పిలుపు. ఒకింటి పిల్లవాడికి 15 శాతంలో చోటు ఉంటుంది. ఇంకో ఇంటి పిల్లవాడు చర్చి రిజిస్టర్లో ఉంటే బీసీ-సీ, 1 శాతం. దాడి జరిగినా, ఎన్నికలో నిలబడాలన్నా, బ్యాంకు అప్పుకు పోయినా ఆ కాగితమే మాట్లాడుతుంది. కులం చర్చిలోకి మాతోపాటే వచ్చింది, బయటే ఆగిపోయింది హక్కు.

మా ఇంటి కథ కూడా చెప్పాను. మా తాత మిషన్ బడిలో టీచరు. మతం అని ఉన్న చోట క్రిస్టియన్ అని నిండుగా రాశాడు. ఆయన దాన్ని సాక్ష్యమనే అనుకున్నాడు. దాని ఖరీదు ముగ్గురు కొడుకులు కట్టారు. మా నాన్న ఒక్కడే ఉద్యోగం దాకా చేరాడు. తాత చేసింది తప్పని మా ఇంట్లో ఎవరూ అనరు. మరొకరి పిల్లవాడిని అదే గడిలో అదే మాట రాయమని కూడా ఎవరూ అనరు. ఎందుకంటే ఆ పిల్లవాడు అబద్ధమాడుతున్నాడా అన్న ప్రశ్న కన్నా, ఆ గడిని ఆ పిల్లవాడి ముందు పెట్టిందెవరన్న ప్రశ్న పెద్దది. ఇప్పుడు డేటాబేసులతో బతుకుతున్నాను. ఒక ఫీల్డులో ఒక్క విలువే పడుతుందని ఎవరో ముందే రాసి పెడితే, రెండు నిజాలున్న మనిషి ఏదో ఒకటి వదులుకోక తప్పదు.

ఆయన శ్రద్ధగా విన్నాడు. తర్వాత తనకు తెలిసిన అరలో దీన్ని పెట్టుకోబోయాడు. "అంటే ఇది హింస. మీరు హింసలు పడుతున్న చర్చి." కాదన్నాను. ఇక్కడ జైలు లేదు, సింహాల గుహ లేదు. ఇది అప్లికేషన్ ఫారం. వాళ్ల కథల్లో విశ్వాసికి ఎదురుగా ఎప్పుడూ ఒక దుర్మార్గుడు ఉంటాడు. మా కథలో ఎదురుగా ఉండేది కౌంటరు కిటికీ, కిటికీ వెనక భోజనానికి లేవబోతున్న గుమాస్తా. ఆయన చాలాసేపు నేల చూశాడు. తర్వాత లేచి వెళ్లి కెమెరా లెన్సుకు మూత పెట్టాడు. ఆ రాత్రి తన బృందాన్ని కూర్చోబెట్టి, ముఖం కనిపించే ఫోటో ఏదీ పిల్లవాళ్లను అడగకుండా ఎక్కడా పెట్టొద్దని చెప్పాడు. ఆయన మంచివాడు. కానీ నేనాలోచించింది వేరే. నా చోట ఊరు తెలియని దుబాసీ ఉండి ఉంటే? ఇంగ్లీషు ఇంకా బాగా వచ్చిన హైదరాబాద్ కుర్రాడెవడైనా ఉండి, "సిగ్గుపడుతున్నావా?" అన్న ప్రశ్నను తు.చ. తప్పకుండా తెలుగు చేసి ఉంటే?

అప్పటినుంచి ఈ కాగితం గురించి ఎన్నో వచ్చాయి. అంతకు ముందే, 2007లో, రంగనాథ్ మిశ్రా కమిషన్ షెడ్యూల్డ్ కులాన్ని మతంతో ముడిపెట్టొద్దంది. 2022లో కేంద్రం కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, బాప్తిస్మం తీసుకుని చర్చికి పోతూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని ఒక తమిళ మహిళ కేసులో తీర్పు చెప్పింది. ఆ కేసులో సాక్ష్యాలేమిటి? బాప్తిస్మం రికార్డు, చర్చికి వెళ్లడం. ఆ తీర్పు వార్త చదువుతుంటే ఢోలక్ పిల్లగాడే గుర్తొచ్చాడు. మూడు నిమిషాల వీడియో దేశాలు దాటి ఎక్కడెక్కడో తిరుగుతూ ఉంటే అది ఎవరి చేతిలో ఏ సాక్ష్యమవుతుందో పద్దెనిమిదేళ్లవాడు మా అందరికన్నా ముందే ఆలోచించాడు.

*

తొమ్మిదో సాయంత్రం పెద్దమనిషే అడిగాడు, మిగిలిన సమయంలో ఏం చేద్దామని. మైకు పిల్లలకిద్దాం, వాళ్లు అడుగుతారు, మీరు చెప్పండి అన్నాను. ఎనిమిది రోజులుగా ఇంగ్లీషు నుంచి తెలుగుకే పారిన నీళ్లు మొదటిసారి ఎదురు తిరిగాయి.

మొదటి ప్రశ్న: "మీ నాయిన జీతమెంత?" నవ్వులు. అమెరికా కుర్రాడు ఎర్రబడి, మా దగ్గర అట్లా అడగరన్నాడు. "మరి మీరు మా బాధలన్ని అడిగిన్రు గద" అంది పూసల పిల్ల. అది నేను మక్కికి మక్కి ఇంగ్లీషు చేశాను. కాసేపు నిశ్శబ్దం. రెండో ప్రశ్న మొదటి రోజు అమ్మాయికి: "అమ్మానాయిన ఇడిపోతె ఇల్లు ఎవలకొచ్చింది?" మూడోది: "మీ కాడ కులాలుంటయా?"

ఉండవని ఒకమ్మాయి వెంటనే చెప్పింది. వెనకాల నుంచి ఒక పొడవాటి కుర్రాడు, పది రోజులూ వంటవాళ్లతో కలిసి గిన్నెలు తోమిన కుర్రాడు, లేచి నిలబడ్డాడు. వాళ్ల ఊళ్లో రెండు చర్చిలున్నాయన్నాడు. రోడ్డుకటు ఒకటి, ఇటు ఒకటి. రెండింటికీ పేరు ఒకటే, బైబిలొకటే. ఒకదానికి తెల్లవాళ్లు పోతారు, ఒకదానికి నల్లవాళ్లు పోతారు. తను పుట్టినప్పటినుంచీ ఆ రోడ్డు దాటలేదన్నాడు.

నేను తెలుగు చేయడం పూర్తికాకముందే ముందు వరస పిల్లగాడు అందుకున్నాడు. "అంటె మాలోళ్ల చర్చి, మాదిగోళ్ల చర్చి లెక్క."

టెంట్‌లో ఎవరూ నవ్వలేదు. పాస్టరయ్యగారు కుర్చీలో సర్దుకున్నారు. పెద్దమనిషి ఏమన్నాడన్నట్టు నా వైపు చూశాడు. చెప్పాను. ఆ పొడవాటి కుర్రాడు వచ్చి నేల మీద, ఆ పిల్లగాడి పక్కన కూర్చున్నాడు. ఆ పది రోజుల్లో రెండు వైపుల వాళ్లూ ఒకేసారి సాక్ష్యం చెప్పింది ఆ నిమిషంలోనే. అందులో రక్షణ పొందిన కథ లేదు, మలుపు లేదు, ముగింపు లేదు. చర్చి సాక్ష్యంలా జరిగింది చెప్పారు, కోర్టు సాక్ష్యంలా చూసింది చెప్పారు.

రెండు నెలల తర్వాత పాస్టరయ్యగారి మెయిల్‌కు వాళ్ల చర్చి వార్తాలేఖ వచ్చింది. నూట ఇరవై మంది యువత, పది రోజులు, ఎంతమంది చేతులెత్తారో లెక్క. ఢోలక్ మీద రెండు చేతుల ఫోటో, ముఖం లేకుండా. మాట నిలబెట్టుకున్నారు. తొమ్మిదో సాయంత్రం గురించి ఒక్క వాక్యం కూడా లేదు. లెక్కలో పట్టే సంగతి కాదది. నాకు ఆశ్చర్యం వేయలేదు. ఇప్పుడు మా ఆఫీసుకు క్లయింట్లు వారం రోజులకొచ్చి బొట్టు పెట్టించుకుని, దండలు వేయించుకుని, గ్రూప్ ఫోటో దిగి వెళ్లాక వచ్చే రిపోర్టుల్లో కూడా జరిగినదాంట్లో ముఖ్యమైనది ఉండదు. నిధులిచ్చినవాళ్లకు రాసే ఉత్తరానికి దాని వ్యాకరణం దానికుంటుంది.

*

తెలుగువాళ్లు కూడా మిషన్ ట్రిప్ చేశారు. 1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు తమ సొంత సంఘం తరఫున జాన్ రంగయ్య అనే ఆయన్ను ఓడెక్కించి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు పంపారు. అక్కడ చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో ఒప్పందం కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్లున్నారు. కియర్స్నీ తేయాకు తోటల దగ్గర సంఘం మొదలుపెట్టి, 1915లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆయనకు దుబాసీ అక్కర్లేకపోయింది. తోటలో కూలీల తెలుగు, ఆయన తెలుగు ఒకటే. మిషనరీ చరిత్రలో మనం తీసుకునేవాళ్లం మాత్రమే కాదని చెప్పడానికి నాకు ఆయన పేరొకటి చాలు.

ఇప్పుడు కథ ఇంకో మలుపు తిరిగింది. అమెరికాలో తెలుగు చర్చిలు బోలెడున్నాయి. వాళ్ల పిల్లలు ఎండాకాలం సెలవుల్లో తెలంగాణ ఊళ్లకు క్యాంపులు పెట్టడానికి వస్తున్నారు. ముఖాలు మనవే, ఇంటిపేర్లు మనవే, మైకు దగ్గరకొచ్చేసరికి ఇంగ్లీషు. ఈ మధ్య అట్లాంటి ఒక బృందం కోసం సిద్దిపేట వైపు దుబాసీని చూసిపెట్టమని నన్నడిగారు. పేరు ఇచ్చాను, దాంతోపాటు అడగని సలహాలు కూడా ఇచ్చాను. ఇక్కడ కూడా రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తాయేమోనని.

ఆ ఊరివాళ్లనే దుబాసీగా పెట్టుకోండి, ఇంగ్లీషు కొంచెం తక్కువైనా సరే. నల్ల పూస ఇంట్లో వదిలేసి రండి. నీళ్లడిగి తాగండి, ఆ ఒక్కపని ఇప్పటికీ మామూలు పని కాదు. ఎవరి పేరూ, ఊరూ, ముఖమూ కెమెరాలో అడగొద్దు. సాక్ష్యం చెప్పనివాడికి విశ్వాసం లేదనుకోవద్దు, వాడికి కౌన్సిలింగ్ ఉండొచ్చు. ప్రశ్నల సాయంత్రం తొమ్మిదో రోజుకు కాదు, మొదటి రోజుకు పెట్టుకోండి.

మొదటి ప్రశ్న మీ నాన్న జీతం గురించే వస్తుంది. చెప్పేయండి.